లైనక్స్ సందేహాలు: ఫైల్ తీసేశాం, జాగా మాత్రం రాలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి చివర ఒకే మాట ఉంది: "రీస్టార్ట్ చేస్తే పోయింది, నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది." రాక ఏం చేస్తుంది? జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక సంగతి. కమాండ్లను మనం ఫోన్లో ఒకరికొకరం చెప్పుకున్నట్టే రాస్తున్నాను. మైనస్ అంటే అడ్డగీత, దాని ముందు ఒక స్పేస్ ఉంటుంది. మైనస్ మైనస్ అంటే రెండు అడ్డగీతలు కలిపి. స్పేస్ వద్దన్నచోట విడిగా చెబుతాను. పెద్దక్షరం అని చెబితే తప్ప అన్నీ చిన్నక్షరాలే.

ప్రశ్న: మాది చిన్న అకౌంట్స్ ఆఫీసు. ఉబుంటు సర్వర్‌లో 100 జీబీ డిస్క్ నిండిపోయి బిల్లింగ్ ఆగిపోయింది. వెతికితే ఒక లాగ్ ఫైల్ (ప్రోగ్రామ్ తన పనులూ ఎర్రర్లూ రాసుకునే చిట్టా) ఒక్కటే 61 జీబీ ఉంది. ధైర్యం చేసి డిలీట్ చేశాను. ఫైల్ అయితే పోయింది, కానీ డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే ఇప్పటికీ 100 శాతమే చూపిస్తోంది. ఆ 61 జీబీ ఏమైనట్టు సార్? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

ఏమీ కాలేదు, అక్కడే ఉంది. మీరు చెరిపింది ఆ ఫైల్ పేరుని. లైనక్స్‌లో పేరు వేరు, ఫైల్ వేరు. ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకుని ఉంటే, పేరు పోయినా లోపలి సరుకు కదలదు. ఆ ప్రోగ్రామ్ వదిలేదాకా డిస్క్ మీద జాగా అలాగే ఉంటుంది, పైగా అది ఆ పేరులేని ఫైల్లోకి ఇంకా రాస్తూనే ఉండొచ్చు. అద్దెకున్నవాడు లోపల భోంచేస్తుంటే మీరు వెళ్లి గేటు మీది నేమ్‌బోర్డు పీకి వచ్చారన్నమాట.

ఎవరు పట్టుకున్నారో చూడాలంటే సుడో ఎల్ఎస్ఓఎఫ్, స్పేస్, ప్లస్ గుర్తు, పెద్దక్షరం ఎల్, ఒకటి (ప్లస్, ఎల్, ఒకటి మూడూ కలిపి) కొట్టండి. సుడో అంటే ఆ కమాండ్‌ని అడ్మిన్ అధికారంతో నడపడం. పేరు తీసేసినా ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లన్నీ వస్తాయి, పక్కనే ప్రోగ్రామ్ పేరు, నంబరు ఉంటాయి. ఆ ఒక్క సర్వీసుని సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్‌తో ఆపి మొదలుపెడితే జాగా వెంటనే వచ్చేస్తుంది. సర్వర్ మొత్తాన్ని రీబూట్ చేసినా వస్తుంది, కాదనను, కానీ ఎందుకు వచ్చిందో తెలియదు, వచ్చే నెల మళ్లీ నాకే ఉత్తరం రాస్తారు.

ఇకమీదట పెద్ద లాగ్ కనిపిస్తే ఫైల్‌ని తీసేసే ఆర్ఎం జోలికి పోకండి. ట్రంకేట్ మైనస్ ఎస్ సున్నా, తర్వాత ఫైల్ పేరు. ఫైల్ ఉంటుంది, లోపల ఖాళీ అవుతుంది, ప్రోగ్రామ్‌కి ఇబ్బంది ఉండదు. అలా ఖాళీ చేసే ముందు మాత్రం టెయిల్ మైనస్ ఎన్ 50 కొట్టి చివరి యాభై లైన్లు చదవండి, దయచేసి. 61 జీబీ లాగ్ ఊరికే పెరగదు. ఒకే ఎర్రర్ సెకనుకు కొన్ని వందలసార్లు రాస్తుంటేనే అంత అవుతుంది, మీ అసలు జబ్బు ఆ యాభై లైన్లలోనే ఉంటుంది. అది బాగయ్యాక, పాత లాగ్‌లను వేళకి పక్కకు జరిపే లాగ్‌రొటేట్‌లో ఆ ఫైల్‌కి ఒక నియమం రాయండి. లాగ్‌ని పక్కకు జరిపాక కొత్త ఫైల్ తెరవమని ఆ ప్రోగ్రామ్‌కి చెప్పే ఏర్పాటు అందులో ఉండాలి. అది కుదరకపోతే కాపీట్రంకేట్ అనే మాట చేర్చండి. అది మరిచిపోతే లాగ్‌రొటేట్ రోజూ రాత్రి శ్రద్ధగా మీరు చేసిన తప్పే చేస్తుంది.

ఇదే కుటుంబానికి చెందిన ఇంకో రెండు తమాషాలు కూడా చెప్పేస్తాను. డీఎఫ్ మైనస్ హెచ్ చూస్తే 40 శాతమే నిండి ఉంటుంది, అయినా "జాగా లేదు" అంటుంది. అప్పుడు డీఎఫ్ మైనస్ ఐ కొట్టండి. ఒక్కో ఫైల్‌కి ఒక ఐనోడ్ (ఆ ఫైల్ వివరాలు దాచే గడి) ఖర్చవుతుంది, లైనక్స్ డిస్క్‌లకి మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో వాటి లెక్క ఫార్మాట్ చేసినప్పుడే ఖాయమైపోతుంది, లక్షల కొద్దీ చిన్న సెషన్ ఫైళ్లు పేరుకుపోతే జీబీలు మిగిలి ఉండగానే అవి అయిపోతాయి. రెండోది, ఈఎక్స్‌టీ4 మామూలుగా డిస్క్‌లో 5 శాతం రూట్ (అడ్మిన్) కోసం పక్కన పెడుతుంది. 500 జీబీకి 25 జీబీ అన్నమాట. సిస్టమ్ ఉన్న డిస్క్ మీద దాన్ని ముట్టుకోకండి, పూర్తిగా నిండిన రోజు మీరు లాగిన్ అయి సర్దుకోగలిగేది ఆ మిగులు వల్లే. కేవలం సినిమాలు, బ్యాకప్‌లు పెట్టుకునే డిస్క్ అయితే ట్యూన్2ఎఫ్ఎస్ మైనస్ ఎం 1 అని తగ్గించుకోండి.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోయినా, ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ లాక్ దొరకలేదని ఎర్రర్. ఆ లాక్ ఫైల్ తీసేయమని ఒక వీడియోలో చెప్పారు, తీసేయమంటారా? (వరంగల్)

వద్దు. ఉబుంటు తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటోంది, అంతే. టీ తాగి రండి. అరగంటైనా కదలకపోతే పీఎస్ ఏయూఎక్స్ కొట్టి ఆప్ట్, డీపీకేజీ పేర్లతో ఏవైనా నడుస్తున్నాయేమో చూడండి. నిజంగా ఏదీ నడవకపోతే, మధ్యలో కరెంటు పోయి ఆగిన పని మిగిలి ఉందని అర్థం, సుడో డీపీకేజీ మైనస్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఏ కొడితే అది పూర్తవుతుంది. పక్కన ఆప్ట్ పని చేస్తుండగా లాక్ పీకేస్తే ప్యాకేజీల చిట్టాలో ఒకేసారి ఇద్దరు రాస్తారు, ఆ చిట్టా ఒకసారి చెడితే బాగుచేయడం నాకే చిరాకు.

ప్రశ్న: అన్నా, మా కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ బ్యాకప్ కోసం స్క్రిప్ట్ రాశాను. నేను చేత్తో నడిపితే బ్రహ్మాండంగా పని చేస్తుంది. క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనులు నడిపే సర్వీసు) రాత్రి 2 గంటలకు పెడితే రోజూ ఫైల్ అయితే వస్తోంది కానీ సైజు 20 బైట్లే. అదీ పొద్దున ఏడున్నరకు వస్తోంది. క్సాంప్ (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి వచ్చే ప్యాకేజీ) వాడుతున్నాం. (కాకినాడ, బీటెక్ విద్యార్థి)

తమ్ముడూ, నీ ఉత్తరంలో రెండు అంకెలు రాశావు, రెండిట్లోనూ జవాబు ఉంది.

20 బైట్లు అంటే ఏమీ లేనిదాన్ని జీజిప్ చేస్తే, అంటే కుదిస్తే, వచ్చే సైజు. డేటాబేస్‌ని బయటికి తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ అసలు నడవలేదు, దాని నుంచి ఏమీ రాలేదు, ఆ శూన్యాన్ని జీజిప్ చక్కగా మూటకట్టి పెట్టింది. ఎందుకు నడవలేదంటే క్సాంప్ తన ప్రోగ్రామ్‌లను ఓపీటీ ఫోల్డర్ కింద ల్యాంప్ (చివర రెండు పీలు) ఫోల్డర్లో, దాని బిన్‌లో పెట్టుకుంటుంది. ఆ దారి, టెర్మినల్ తెరవగానే చదివే నీ బాష్ఆర్‌సీ ఫైల్లో ఎప్పుడో చేర్చి ఉంటావు, అందుకే నువ్వు కూర్చుని నడిపితే దొరుకుతోంది. క్రాన్ ఆ ఫైల్ చదవదు. దానికి తెలిసిన దారులు యూఎస్ఆర్ బిన్, బిన్, ఈ రెండే అనుకో. కాబట్టి స్క్రిప్ట్‌లో ఆ కమాండ్‌ని మొదటి స్లాష్ నుంచి పూర్తి దారితో రాయి.

మరి ఎర్రర్ ఎందుకు కనపడలేదు? ఒక కమాండ్ ఔట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే పైపు పెట్టినప్పుడు చివరి కమాండ్ గెలిస్తే మొత్తం గెలిచినట్టే లెక్క, ఇక్కడ జీజిప్ గెలిచింది. స్క్రిప్ట్ మొదటి లైన్ బాష్ అని ఉండాలి, రెండో లైన్లో సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్ రాయి, అప్పుడు పైపులో ఎవరు పడిపోయినా స్క్రిప్ట్‌కి తెలుస్తుంది. ఇక క్రాన్ లైన్ చివర ఔట్‌పుట్‌నీ ఎర్రర్లనీ కూడా ఒక లాగ్ ఫైల్లోకి మళ్లించు. అది లేకపోతే క్రాన్ ఆ మాటలన్నీ మెయిల్ చేయాలని చూస్తుంది, మీ ల్యాబ్ సర్వర్లో మెయిల్ పెట్టి ఉండరు కదా, గాల్లో కలిసిపోతాయి.

ఇక ఏడున్నర. సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, దానికి రెండైతే మనకు ఏడున్నర. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ మైనస్ టైమ్‌జోన్ (ఈ మైనస్ ముందు స్పేస్ వద్దు), తర్వాత ఏషియా స్లాష్ కోల్‌కతా (మొదటి ఏ, కే పెద్దక్షరాలు). అయ్యాక క్రాన్ సర్వీసుని కూడా ఒకసారి రీస్టార్ట్ చెయ్యి, లేకపోతే అది పాత టైమ్‌లోనే ఉంటుంది.

స్క్రిప్ట్ లేకుండా క్రాన్‌ట్యాబ్‌లోనే కమాండ్ మొత్తం రాసేవాళ్లకి ఇంకో గొయ్యి ఉంది. ఫైల్ పేరులో తేదీ రావాలని డేట్ ప్లస్ శాతం గుర్తు పెద్దక్షరం ఎఫ్ అని రాస్తారు. క్రాన్‌ట్యాబ్‌లో శాతం గుర్తు అంటే లైన్ అక్కడితో అయిపోయినట్టు. దాని ముందు వెనక్కి వాలిన స్లాష్ పెట్టాలి. దీని మీద నేను ఒకప్పుడు పూర్తి ఆదివారం పోగొట్టుకున్నాను, ఇంట్లో ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.

అన్నట్టు, ఆ బ్యాకప్‌ని వేరే డేటాబేస్‌లోకి ఒకసారి ఎక్కించి చూడు. సైజు చూసి మురిసిపోతే పరీక్షల ముందు రోజు ఏడుపే.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో విండోస్, మింట్ రెండూ ఉన్నాయి. మింట్ వాడి విండోస్‌లోకి వెళ్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది. మదర్‌బోర్డు బ్యాటరీ మార్పించాను, 200 రూపాయలు దండగ. (కర్నూలు)

కచ్చితంగా ఐదున్నర గంటలు తేడా అంటే బ్యాటరీ అమాయకురాలు. బ్యాటరీ పోతే గడియారం ఎటో కొట్టుకుపోతుంది, ఇంత పద్ధతిగా తప్పదు. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ యూటీసీ రాస్తుంది, విండోస్ అదే గడియారాన్ని మన లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది. తేలిక మార్గం, మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్ మైనస్ లోకల్ మైనస్ ఆర్‌టీసీ (ఈ మైనస్‌ల ముందు స్పేస్ వద్దు), స్పేస్, 1. అది కొంచెం హెచ్చరిక చూపించి ఊరుకుంటుంది. మన దగ్గర ఏటా గడియారం ముందుకీ వెనక్కీ తిప్పే గొడవ లేదు కాబట్టి దీనితో నష్టం లేదు. అమెరికాలో ఉన్నవాళ్లయితే ఇలా చేయకండి, విండోస్ రిజిస్ట్రీలోనే రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ విలువ 1 పెట్టి దాన్నే దారికి తెచ్చుకోండి.

ప్రశ్న: మా వెబ్‌సైట్‌లో ఫొటోలు అప్‌లోడ్ కాకపోతే సీహెచ్‌మాడ్ 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు అనే పర్మిషన్) కొట్టాను, లోపలి ఫోల్డర్లకి కూడా పడాలని మైనస్ పెద్దక్షరం ఆర్ కూడా పెట్టాను. ఫొటోలు ఎక్కుతున్నాయి కానీ ఇప్పుడు దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్‌లో కీతో లాగిన్ అవ్వడం లేదు, పర్మిషన్ డినైడ్ అంటోంది. కీ మార్చలేదు. (హైదరాబాద్)

సైట్ ఫైళ్లు మీ హోమ్ ఫోల్డర్ లోపల ఉన్నాయి కదూ? మొత్తం హోమ్ మీద కొట్టేశారు. మీ హోమ్‌లో గానీ డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్లో గానీ వేరేవాళ్లు రాయగలిగేలా ఉంటే, ఆ కీల ఫైల్‌ని ఎస్ఎస్‌హెచ్ నమ్మదు, ఎవరైనా తమ కీ అందులో దూర్చి ఉండొచ్చని దాని అనుమానం. న్యాయమైన అనుమానమే. మీకు మాత్రం పర్మిషన్ డినైడ్ అని ముక్తసరిగా చెబుతుంది, అసలు కారణం సర్వర్ వైపు ఆథ్ లాగ్‌లో రాస్తుంది, "బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్" అని, ఏ ఫోల్డరో పేరుతో సహా.

ఇంకో కిటికీలో పాత లాగిన్ తెరిచి ఉంటే దాన్ని మూసేయకండి, అదే మీ ప్రాణం. లేకపోతే సర్వర్ అద్దెకిచ్చినవాళ్ల వెబ్‌సైట్‌లో కన్సోల్ అని ఒకటి ఉంటుంది, అందులోంచి వెళ్లండి. హోమ్‌కి 750, డాట్ ఎస్ఎస్‌హెచ్‌కి 700, లోపల ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌కి 600. వెబ్ సర్వర్ మీ హోమ్‌లోంచే ఫైళ్లు చదువుతుంటే 750తో సైట్ ఆగిపోతుంది, అప్పుడు 711 పెట్టండి.

777 గురించి ఒక మాట అనాలి. అప్‌లోడ్ కాకపోవడానికి కారణం ఆ ఫోల్డర్ మీ పేరు మీద ఉండటం, రాయబోయేది వెబ్ సర్వర్ వాడే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ మైనస్ డేటా (స్పేస్ లేకుండా) అనే యూజర్ కావడం. సీహెచ్‌ఓన్‌తో ఆ ఒక్క అప్‌లోడ్స్ ఫోల్డర్‌ని ఆ యూజర్ పేరు మీదికి మార్చి, 755 పెడితే సరిపోయేది. తాళం పట్టట్లేదని తలుపు తీసి వీధిలో పెడతామా? మీరు నయం, ఒకాయన అదే కమాండ్‌ని రూట్ స్లాష్ మీద కొట్టాడు, సుడో కూడా పని చేయడం మానేసింది. దానికి ఉండాల్సిన ప్రత్యేక గుర్తు 777తో చెరిగిపోయింది. ఆయనకి మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమనే చెప్పాను.

ప్రశ్న: 2 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో మా షాపు వెబ్‌సైట్ నడుస్తోంది. పండగ సేల్ పెట్టినప్పుడల్లా మైఎస్‌క్యూఎల్ దానంతట అదే ఆగిపోతోంది. దాని ఎర్రర్ లాగ్‌లో ఏమీ లేదు, మధ్యలో తెగిపోయినట్టుంది. ఎవరైనా హ్యాక్ చేస్తున్నారా? టెన్షన్‌గా ఉంది. (రాజమహేంద్రవరం)

లాగ్ మధ్యలో తెగిపోయిందంటే దాన్ని చివరి మాట కూడా చెప్పనివ్వకుండా చంపేశారు. చంపింది కెర్నలే, అంటే లైనక్స్ గుండెకాయే. ర్యామ్ అయిపోయినప్పుడు, మిషన్ మొత్తం బిగుసుకుపోకుండా, ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ని అది బలిస్తుంది. చిన్న వెబ్ సర్వర్లలో ఆ లావుపాటి మేక చాలాసార్లు మైఎస్‌క్యూఎలే అవుతుంది. జర్నల్‌సీటీఎల్ మైనస్ కే కొట్టి "అవుట్ ఆఫ్ మెమరీ" అని వెతకండి, టైమ్‌తో సహా దొరుకుతుంది. పండగ రోజే ఆగుతుందని మీరే రాశారు, హ్యాకర్లు పంచాంగం చూసుకుని రారు.

అయితే బలయినవాడు వేరు, తిన్నవాడు వేరు కావచ్చు. మీ వెబ్ సర్వర్ అపాచీ అయి, అది ప్రీఫోర్క్ పద్ధతిలో (వచ్చిన ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక వర్కర్ ప్రాసెస్) నడుస్తుంటే, ఉబుంటులో మామూలుగా మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్ 150 ఉంటుంది. ఒక్కో వర్కర్ పీహెచ్‌పీతో కలిపి 40 ఎంబీ తింటుందనుకున్నా 150కి 6 జీబీ. మీ దగ్గరున్నది రెండు. మామూలు రోజుల్లో పదిమంది వస్తారు కాబట్టి నడిచిపోతుంది, సేల్ రోజు అందరూ ఒకేసారి వచ్చేసరికి అపాచీ సరదాగా వర్కర్లను పెంచుకుంటూ పోతుంది. ఆ అంకెని 20, 25 దగ్గరికి తగ్గించండి. మిగతావాళ్లు రెండు సెకన్లు లైన్లో నిలబడతారు, సైట్ మాత్రం బతుకుతుంది.

ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ని వాడుకునేలా ఒక 2 జీబీ స్వాప్ ఫైల్ కూడా పెట్టుకోండి. ఫాలొకేట్‌తో ఫైల్ చేసి, 600 పర్మిషన్ ఇచ్చి, ఎంకేస్వాప్, స్వాప్‌ఆన్. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌లు తగిలించాలో ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో లైన్ రాయకపోతే రీబూట్‌తో పోతుంది. స్వాప్ ఊపిరి ఇస్తుందే గానీ ర్యామ్‌కి సాటి రాదు, దాని మీదే పండగంతా లాగించాలనుకుంటే సైట్ నత్తలా నడుస్తుంది. ఇంకొకటి, ఫ్రీ మైనస్ హెచ్ కొట్టినప్పుడు ఫ్రీ అనే గడిలో 90 ఎంబీ చూసి కంగారు పడకండి, ఖాళీ ర్యామ్‌ని లైనక్స్ డిస్క్ కాష్‌కి వాడుకుని, అడిగితే తిరిగి ఇస్తుంది. చూడాల్సింది చివరున్న అవైలబుల్ గడి.

ప్రశ్న: బ్యాకప్ కోసం యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌ని ఎఫ్‌స్టాబ్‌లో చేర్చాను. డిస్క్ ఇంటికి తీసుకెళ్లిన రోజు కరెంటు పోయి వచ్చింది, సర్వర్ పైకి లేవలేదు, ఎమర్జెన్సీ మోడ్ అని నల్ల స్క్రీన్. (తిరుపతి)

ఎఫ్‌స్టాబ్‌లో మీరు డిఫాల్ట్స్ అని రాస్తే, ఆ డిస్క్ లేకుండా నేను బతకలేనని రాసినట్టు. సర్వర్‌ని పైకి లేపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి చేతులెత్తేస్తుంది. ఆ నల్ల స్క్రీన్ దగ్గరే రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లి (కొన్నిటిలో ఎంటర్ కొడితే చాలు), ఎఫ్‌స్టాబ్ తెరిచి ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేయండి. సేవ్ కానివ్వకపోతే మౌంట్ మైనస్ ఓ రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ, స్పేస్, స్లాష్ కొట్టి మళ్లీ ప్రయత్నించండి.

తర్వాత ఆ లైన్‌ని తీరిగ్గా రాయండి. డిఫాల్ట్స్ పక్కన కామా పెట్టి నోఫెయిల్ చేర్చండి. ఎస్‌డీబీ1 లాంటి పేరు వద్దు, ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే రీబూట్ తర్వాత ఆ పేరు దానికి వెళ్లిపోవచ్చు. బీఎల్‌కేఐడీ కొడితే వచ్చే యూయూఐడీ (ఆ డిస్క్‌కి మారని గుర్తింపు నంబరు) రాయండి. సేవ్ చేశాక ఫైండ్ఎంఎన్‌టీ మైనస్ మైనస్ వెరిఫై, ఆ తర్వాత మౌంట్ మైనస్ ఏ. తప్పు ఉంటే పగలు, మీరు ముందు కూర్చుని ఉన్నప్పుడే తెలుస్తుంది.

నోఫెయిల్ పెట్టాక బ్యాకప్ స్క్రిప్ట్‌లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో డిస్క్ నిజంగా తగిలి ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే డిస్క్ ఇంట్లో ఉన్న రోజు బ్యాకప్ అంతా ఆ ఖాళీ ఫోల్డర్లోకి, అంటే సర్వర్ సొంత డిస్క్ మీదికి పడుతుంది. అది నిండితే పైన విజయవాడ ఆయనకి మీరు తోడు.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్‌లో తెలుగు బిల్లు నా ల్యాప్‌టాప్‌లో బాగానే పీడీఎఫ్ అవుతోంది. సర్వర్‌లో పెడితే తెలుగు ఉన్నచోటల్లా డబ్బాలు. యూటీఎఫ్8 అన్నిచోట్లా పెట్టాను. (గుంటూరు)

ఎన్‌కోడింగ్ తప్పితే పిచ్చి గుర్తులు వస్తాయి, డబ్బాలు వస్తే ఫాంట్ లేదని. స్క్రీనే లేని సర్వర్‌కి ఫాంట్లెందుకని ఇన్‌స్టాల్‌లో వేయరు. ఎఫ్‌సీ మైనస్ లిస్ట్ (ఈ మైనస్ ముందు స్పేస్ వద్దు), స్పేస్, కోలన్ లాంగ్ ఈక్వల్ టు టీఈ (కోలన్ నుంచి అంతా కలిపి) కొట్టండి, ఏమీ రాదు. నోటో ఫాంట్ల కోసం ఫాంట్స్ మైనస్ నోటో మైనస్ కోర్ (స్పేస్‌లు లేకుండా) ప్యాకేజీ వేయండి. పోతన, వేమన కావాలంటే ఫాంట్స్ మైనస్ తెలు మైనస్ ఎక్స్‌ట్రా, ఇదీ స్పేస్‌లు లేకుండానే. తర్వాత ఎఫ్‌సీ మైనస్ కాష్ (ఈ మైనస్ ముందు స్పేస్ వద్దు) మైనస్ ఎఫ్ కొట్టి మీ సర్వీసు రీస్టార్ట్ చేయండి. డాకర్‌లో నడుస్తుంటే ఫాంట్ కంటైనర్ లోపల ఉండాలి, బయట ఎంత వేసినా దానికి కనపడదు.

డబ్బాలు పోయాక రెండో ఘట్టం ఉండొచ్చు: ఒత్తులు విడిపోయి పక్కన పడటం. అది ఫాంట్ తప్పు కాదు, అక్షరాలను కలిపి పేర్చే పని మీ పీడీఎఫ్ లైబ్రరీకి రాదు. దాంతో కుస్తీ పట్టేకంటే బిల్లుని హెచ్‌టీఎంఎల్‌గా తయారుచేసి, క్రోమ్‌ని స్క్రీన్ లేకుండా హెడ్‌లెస్‌లో నడిపి పీడీఎఫ్ తీయించండి, ఆ పేర్చే పని దానికి బాగా వచ్చు. ఇక ఎవరైనా అను ఫాంట్లలో టైప్ చేసిన పాత పేర్ల జాబితా ఇచ్చి ఎక్కించమంటే ముందు యూనికోడ్‌లోకి మార్పించండి. దాని లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగులా కనిపించే ఇంగ్లిషు గుర్తులు, ఏ సర్వర్‌లో ఏ ఫాంట్ వేసినా అవి అలాగే ఉంటాయి.

అంతా అయ్యాక లక్ష్మి పేరు మీద ఒకటి, రాష్ట్రం అనే మాట ఉన్న అడ్రస్‌తో ఒకటి, రెండు బిల్లులు తీసి చూడండి. ఆ రెండూ సరిగ్గా వస్తే కస్టమర్‌కి పంపించవచ్చు.